కోత లేని పీరియడు

ప్రార్థన మందిరంలో తలమీద తిరిగే ఫ్యానును చూసినప్పుడల్లా నిదానంగారికి ఒకటే సందేహం. ఇవాళ్టిది కాదు, ఏళ్ళ తరబడి మనసులో నానుతున్నది. ఆ ఫ్యాను ఎవరో పుణ్యాత్ముడు ఇచ్చింది. ఇచ్చి ఊరుకోకుండా మూడు రెక్కల మీదా ఎర్రరంగుతో తన పేరు రాయించుకున్నాడు. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ గాలి వస్తుంది, పేరు కనపడదు. ఆగిందంటే పేరు కనపడుతుంది, గాలి ఉండదు. మరి ఆ ఇచ్చినవాడికి ఏది ఇష్టం? తిరగడమా, ఆగడమా? కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకోవలసిన వేళ కళ్ళెత్తి రెక్కల్ని చూస్తూ కూర్చోవడం తప్పని ఆయనకీ తెలుసు. అయినా చూపు అక్కడికే పోయేది.

ఆ సోమవారం ఉదయం అలా చూస్తూండగానే వెనకనుంచి ఎవరో భుజం తట్టారు.

"అన్నయ్యగారూ, దొంగల్ని పట్టేది మీరేనా?"

తెల్లజుట్టు ముసలావిడ. చేతిలో టిఫిను డబ్బా.

"పట్టేవాణ్ణమ్మా. ఇప్పుడు అడిగినవాళ్ళకి పట్టిపెడుతున్నాను."

"అయితే మా కోడల్ని విడిపించండి. ల్యాప్‌టాప్‌లు ఎత్తుకుపోయిందని పొద్దున్నే పోలీసులు పట్టుకుపోయారు. దాని నోరు పెద్దదే, నాకు తెలీదూ? నోరు పెద్దదైనవాళ్ళు దొంగతనం చెయ్యలేరండీ. చేసినా సాయంత్రానికల్లా వాళ్ళే చెప్పేస్తారు."

నిదానంగారు నవ్వి, మోకాళ్ళు పట్టుకుని లేచాడు. ఆయన అసలు పేరు పెన్షను కాగితాల్లో తప్ప మరెక్కడా మిగల్లేదు. ముప్ఫై ఏళ్ళ పోలీసు ఉద్యోగంలో ఏ కేసూ తొందరగా తేల్చడని తోటివాళ్ళు పెట్టిన పేరు అది. రిటైరై ఆరేళ్ళయింది. పేరు మాత్రం రిటైరు కాలేదు. భార్య కూరలు తెమ్మని ఇచ్చిన సంచీ చంకలో పెట్టుకుని, అలాగే స్టేషనుకి బయలుదేరాడు.

* * *

స్టేషనులో ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చున్నది ఆయన సొంత బావమరిదే, భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. బావ ఎంత నిదానమో ఇతను అంత వేగం. పొద్దున కేసు వస్తే సాయంత్రానికి ముద్దాయి ఉండాలి.

"రండి బావా. మోకాళ్ళెలా ఉన్నాయి? మా అక్క ఇంకా మిమ్మల్ని ఒంటరిగా బయటికి వదుల్తోందా?"

"కూరలకని వచ్చాను. ఇదిగో సంచీ."

"కూరలు బజార్లో దొరుకుతాయి. ఇక్కడ దొంగలే దొరుకుతారు."

"దొంగ దొరికింది సరే. సరుకు దొరికిందా?"

ఇన్‌స్పెక్టరు కుర్చీ వెనక్కి వాల్చాడు. "చూడండి బావా, ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవడానికేం లేదు. ట్రస్టువాళ్ళు బీదపిల్లలకని బడికి నలభై చిన్న ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. శుక్రవారం రాత్రో శనివారమో పోయాయి. తాళం పగల్లేదు, గడియ వంగలేదు. తాళంచెవులు రెండే. ఒకటి హెడ్మాస్టరు దగ్గర, ఒకటి ఈవిడ దగ్గర. హెడ్మాస్టరు శుక్రవారం సాయంత్రం నుంచి నిన్నటిదాకా చెల్లెలి ఇంట్లో ఉన్నాడు, ఇల్లంతా సాక్ష్యం. మిగిలిందెవరు? లెక్కల టీచరే కదా, ఆవిణ్ణే తీసివేత వేసి చెప్పమనండి."

"మేజిస్ట్రేటు దగ్గరికి ఎప్పుడు?"

"సాయంత్రం ఆరున్నరకి. ఆయన ఇంటికే తీసుకెళ్ళాలి."

నిదానంగారు తల ఊపాడు. ఒక్కరాత్రి లోపల ఉంటే చాలు, టీచరు ఉద్యోగం పోతుంది. తరవాత నిర్దోషి అని తేలినా, ఆ వీధిలో పిల్లలు ఆవిడ వెనక నవ్వడం మానరు. ఆయన సర్వీసులో అలాంటివాళ్ళని చాలామందిని చూశాడు. వాళ్ళ ముఖాలు ఒక్కోసారి ప్రార్థన మధ్యలో గుర్తొస్తాయి.

"ఫిర్యాదు ఎవరిచ్చారు?"

"ట్రస్టు మేనేజరుగారు స్వయంగా వచ్చారు. ఎంత మర్యాదస్తుడనుకున్నారు! అదిగో, ఆ ఎమర్జెన్సీ లైట్లు కూడా ఆయన ఇచ్చినవే." ఇన్‌స్పెక్టరు గోడకి తగిలించిన తెల్లటి పెట్టెల్ని చూపించాడు. ఒక్కోదాని మీద ట్రస్టు పేరు, పక్కన చేతులు జోడించిన బొమ్మ. "కరెంటు కోత వేళ కొవ్వొత్తి పెట్టుకుని ఎఫ్ఐఆర్ రాసుకునే బాధ తప్పింది."

"పేరు పెద్దగానే వేయించాడు," అన్నాడు నిదానంగారు.

"ఇచ్చినవాడు వేయించుకోడా ఏంటి?"

నిదానంగారిలో పాత సందేహమే మళ్ళీ తల ఎత్తింది, దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టాడు.

టీచరమ్మని రికార్డుల గదిలో కూర్చోబెట్టారు. నలభై ఏళ్ళ మనిషి. కళ్ళ కింద నల్లటి చారలు. ఒళ్ళో జవాబు పత్రాల కట్ట పెట్టుకుని ఎర్రపెన్నుతో దిద్దుతోంది.

"ఇక్కడ కూడానా అమ్మా?"

"వాళ్ళు వచ్చేసరికి దిద్దుతున్నాను సార్, చేతిలో ఉన్నవాటితోనే తీసుకొచ్చారు. నేను జైలుకెళ్తే పిల్లల మార్కులు ఆగకూడదుగా." ఆవిడ పెన్నుకి మూత పెట్టింది. "మా అత్తగారు పంపారా మిమ్మల్ని?"

"అవును."

"నన్ను తిట్టారా?"

"కొంచెం."

"అయితే నిజంగానే బెంగపడుతున్నారు."

నిదానంగారు ఎదుటి స్టూలు లాక్కున్నాడు. "తాళంచెవి ఎక్కడుంటుంది మీది?"

"పర్సులో. పర్సు తలగడ కింద. శుక్రవారం రాత్రీ అక్కడే ఉంది, శనివారం రాత్రీ అక్కడే ఉంది. మా అత్తగారికి రాత్రిళ్ళు నిద్రపట్టదు. నేను పక్కమీంచి లేస్తే ఎక్కడికి అని అడుగుతారు."

"అత్తగారి సాక్ష్యం కోడలికి పనికిరాదంటాడు మావాడు."

"అత్తగారు కోడలికి అనుకూలంగా చెప్తే నమ్మరా? ఇంకెప్పుడు నమ్ముతారు సార్!"

ఆయనకి నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

"ల్యాప్‌టాప్‌లు పిల్లల ఇళ్ళకి పంపాలని గొడవ చేసింది మీరేనట?"

"నేనే. ఇచ్చింది పిల్లలకి కదా. వచ్చిన దగ్గర్నుంచి బీరువాల్లోనే ఉన్నాయి. వారానికి ఒక్క పీరియడు బయటికి తీస్తారు. ముట్టుకునేముందు చేతులు కడుక్కోవాలి. మూత గట్టిగా వెయ్యకూడదు. వైరు జోలికి అసలు పోకూడదు. వాటి మీద పిల్లలకి చదువు రాలేదు సార్, భయం వచ్చింది. అందుకే పోయిన వారం ట్రస్టు పెద్దలు బడి చూడ్డానికొస్తే అందరి ముందూ అడిగేశాను. సరే, సోమవారం నుంచి ఇళ్ళకి పంపండన్నారు. అంటే ఇవాళ్టి నుంచి."

"అప్పుడు మేనేజరుగారు అక్కడున్నారా?"

"పక్కనే ఉన్నారు. చప్పట్లు కొట్టారు కూడా."

నిదానంగారు ఏదో తోచక అడిగినట్టు అడిగాడు. "అవి కొత్తగా వచ్చిన రోజు గుర్తుందా?"

ఆవిడ ముఖం మొదటిసారి కొంచెం విప్పారింది. "డబ్బాలు విప్పింది నేనే. పాత హెడ్మాస్టరు బదిలీ అయి వెళ్ళిపోయారు, కొత్తాయన ఇంకా రాలేదు. వద్దనేవాళ్ళు లేరు. పిల్లలు తలొకటి పట్టుకుని వరండాలో, మెట్లమీద, బల్లల కింద, ఎక్కడ పడితే అక్కడ కూర్చున్నారు. సాయంత్రం దాకా ఒకళ్ళ బొమ్మ ఒకళ్ళు తీసుకున్నారు. సార్, అవి పిల్లలవైంది ఆ ఒక్కరోజే."

"మర్నాడు?"

"మర్నాడు మేనేజరుగారు వచ్చి, పాడైపోతాయమ్మా అని లోపల పెట్టించారు. ఆ వారంలోనే కొత్త హెడ్మాస్టరు వచ్చారు. అంతే."

* * *

టీచరమ్మతో మాట్లాడనిచ్చేసరికే మధ్యాహ్నం దాటింది. బడి చేరేసరికి పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయారు. హెడ్మాస్టరు మాత్రం ఉన్నాడు. సన్నటి మనిషి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, తనే దొంగ అన్నంత భయంగా గది తెరిచి చూపించాడు.

గోడ పొడుగునా ఇనప అరలు. అరల్లో ఏమీ లేదు. ఒక్కో అర పక్కన ఒక్కో వైరు మాత్రం వేలాడుతోంది, చుట్టచుట్టి, దారంతో కట్టి.

"వైర్లు వదిలేశాడే!"

"మర్చిపోయుంటాడండి. గలేబులు మాత్రం వదల్లేదు." హెడ్మాస్టరు ఖాళీ అరని చేత్తో తడిమాడు. "మా ఆవిడ ఇంట్లో పాత దుప్పట్లు కత్తిరించి నలభై గలేబులు కుట్టిందండీ, ఒక్కో ల్యాప్‌టాప్‌కి ఒక్కోటి. ల్యాప్‌టాప్‌లంటే ట్రస్టువాళ్ళు మళ్ళీ ఇస్తారు. గలేబులు ఎవరిస్తారు? ఆవిడ కళ్ళు ఇప్పుడు మునుపటిలా లేవు."

నిదానంగారు ఒక వైరు చేతిలోకి తీసుకున్నాడు. అమ్ముకునే దొంగ వైర్లు వదలడు. వైరు లేని వస్తువుని కొనేవాడు సగం ధర కూడా ఇవ్వడు. వారం వారం వాటితో పాఠం చెప్పే టీచరు అసలే వదలదు. వైర్లు అక్కర్లేదనుకున్నవాడికి ఆ ల్యాప్‌టాప్‌లు పనిచెయ్యాలన్న కోరికే లేదు. పనిచెయ్యని వస్తువు కోసం ఇంత కష్టం ఎందుకు?

"ఒక్కటైనా మిగిలిందా మాస్టారూ?"

"నా గదిలో ఒకటుందండి, వచ్చినవాళ్ళకి చూపించడానికి."

అది నలభై ఒకటోది. హెడ్మాస్టరు బల్లమీద, పూల గుత్తి బొమ్మ పక్కన పెట్టారు. పచ్చటి మూత, పట్టుకోవడానికి పిడి, పిల్లల వేళ్ళకి సరిపోయే చిన్న చిన్న మీటలు. హెడ్మాస్టరు చేతులు తుడుచుకుని, స్విచ్చి వేసి, మూత తెరిచాడు. తెరమీద ఫోటోలు ఒకదాని తరవాత ఒకటి మారసాగాయి. ప్రతి ఫోటోలోనూ పిల్లవాడు మారుతున్నాడు. ల్యాప్‌టాప్ అందిస్తూ నవ్వుతున్న మనిషి మాత్రం మారడం లేదు.

"ఆయనే మేనేజరుగారు," అన్నాడు హెడ్మాస్టరు.

"అనుకున్నాను."

నాలుగున్నరయింది. తలమీద ఫ్యాను ఒక్కసారి మూలిగి, నెమ్మదించి, ఆగింది. తెర నల్లబడింది.

"కోత," అన్నాడు హెడ్మాస్టరు, ఏమీ జరగనట్టు. "ఇంక ఆరున్నరకేనండి."

"ల్యాప్‌టాప్ ఆగిపోయిందేం మాస్టారూ?"

"కరెంటు పోయింది కదండీ."

"పోతే?"

హెడ్మాస్టరు ఆయనకేసి కొంచెం జాలిగా చూశాడు. "పోతే ఆగిపోదూ? ఫ్యాను ఆగలేదా? దాని తీరే అంతండి. అందుకే కంప్యూటరు క్లాసు ఎప్పుడూ కోత లేని పీరియడులోనే వేస్తాను. ప్రతి నెలా కోతల వేళలు కనుక్కుని, దాన్నిబట్టి టైంటేబులు మారుస్తాను. ఈ రెండేళ్ళలో ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదండీ, కావాలంటే పిల్లల్ని అడగండి." ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన వెన్ను నిటారైంది.

నిదానంగారికి ఆయన్ని చూస్తే జాలేసింది. పాపం, ఎంత శ్రద్ధగా కాపాడాడు! చేతులు కడిగించి, గలేబులు తొడిగించి, వైరు పీకనివ్వకుండా, కోత తగలనివ్వకుండా. అంత భద్రంగా చూసుకోవడం వల్లే ఎవరికీ ఏదీ తెలియలేదు.

"మాస్టారూ, మా అమ్మాయి దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. కరెంటు పోయాక కూడా సినిమా సగం చూస్తుంది. టీచరమ్మ చెప్పింది, వచ్చిన రోజు పిల్లలు ఇవి పట్టుకుని మెట్లమీద కూర్చున్నారట. మెట్లమీద ప్లగ్గు ఉందా?"

హెడ్మాస్టరు గోడమీది ప్లగ్గుకేసి చూశాడు.

నిదానంగారు ల్యాప్‌టాప్‌ని బోర్లించాడు. అడుగున చిన్న మూత. గోటితో నొక్కి జరిపితే వచ్చేసింది. లోపల్నుంచి నున్నగా చిత్రిక పట్టిన చెక్కముక్క ఒకటి బల్లమీద పడింది. బరువు కోసం దానికి రెండు ఇనప బిళ్ళలు మేకులతో కొట్టి ఉన్నాయి.

"అదేనా అండీ బ్యాటరీ?" అన్నాడు హెడ్మాస్టరు.

"కాదు మాస్టారూ. ఇది చెక్క."

హెడ్మాస్టరు కూలబడిపోయాడు. ఆయన తేరుకునేదాకా నిదానంగారు కిటికీ తెరిచి నిలబడ్డాడు.

"ఇవి ఎవరెవరు ముట్టుకునేవారు?"

"ఎవరూ ముట్టుకోరండీ. నెలకోసారి మేనేజరుగారు చెకింగుకొచ్చేవారు, అంతే. దుమ్ము పడకూడదని తలుపు వేసుకుని చూసుకునేవారు."

"తాళంచెవి?"

"నాదే ఇచ్చేవాణ్ణి. భోజనాలయ్యాక తిరిగిచ్చేసేవారు. ఇచ్చింది ఆయనే కదండీ, ఆయన్ని ఎవరు అనుమానిస్తారు?"

ఒక పూట చేతిలో ఉన్న తాళంచెవికి నకలు చేయించడం ఎంతసేపు? ఇవాళ పిల్లలు వాటిని ఇళ్ళకి పట్టుకెళ్ళి ఉంటే, మొదటి కోతకే ఆ చెక్కముక్కలు బయటపడేవి. అందుకని పోవలసిన అవసరం వచ్చింది. ఎవరో ఒకరు దొంగ కావలసిన అవసరమూ వచ్చింది. అందులోనూ, మొదటిరోజు వాటిలో బ్యాటరీలున్నాయని కళ్ళారా చూసిన పెద్దమనిషి టీచరమ్మ ఒక్కతే.

ఆయన ఫోను తీశాడు.

"టీచరమ్మని ఎక్కడికీ పంపకు. నేను వస్తున్నాను. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ లేదు."

"ఏంటి బావా? బ్యాటరీ లేదా?" అవతల ఇన్‌స్పెక్టరు పగలబడి నవ్వాడు. "నలభై ల్యాప్‌టాప్‌లు లేవు మహాప్రభో అంటే, మీరు ఒక్కదానిలో బ్యాటరీ లేదంటారేంటి!"

ఆ నవ్వు వెనక ఎవరో టీ కప్పుని సాసరులో మెల్లిగా పెట్టిన చప్పుడు నిదానంగారికి వినపడింది. ఆయన అడిగేలోపు ఫోను ఆగిపోయింది.

* * *

ల్యాప్‌టాప్‌ని కూరల సంచీలో పెట్టుకుని, ఆటో పట్టుకుని స్టేషనుకొచ్చేసరికి ఐదున్నర కావస్తోంది. బయట బల్లమీద ముసలావిడ ఒక్కతే కూర్చుని ఉంది.

"వదిలేశారన్నయ్యగారూ! ఆ మేనేజరు ఇప్పుడే కారులో ఎక్కించుకెళ్ళాడు. నేనూ వస్తానంటే చోటు లేదన్నాడు. అంత కారులో! మా ఇల్లు కుడివైపు కదా, వాడు ఎడమకి తిప్పాడేంటి? అరిచాను కూడా."

నిదానంగారు ఆవిడకి జవాబు చెప్పకుండా లోపలికి నడిచాడు. ఆయన అంత వేగంగా నడవడం స్టేషనులో ఎవరూ చూసి ఉండరు.

"ఆవిణ్ణి వాడితో ఎందుకు పంపావు?"

"వాడేంటి బావా, మర్యాదగా మాట్లాడండి! సరుకు తిరిగొస్తే కేసే వద్దన్నారాయన. ఆడమనిషి, జైలెందుకు, నేను మంచిమాటలతో ఒప్పిస్తానన్నారు. దేవుడిలాంటి మనిషి."

"నేను ఫోను చేసినప్పుడు మీ దేవుడు ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడా?"

"తాగితే?"

"బ్యాటరీ మాట నువ్వు పైకి అనేదాకా ఆయనకి తొందర లేదు. అన్నాక వచ్చింది."

ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. "చూడండి, మీరు రిటైరయ్యారు. మా అక్క ముఖం చూసి ఊరుకుంటున్నాను. ఒక్కో కేసు ఏడాది నానబెట్టేవారు మీరు. నాకు అలా కుదరదు. పెద్దమనుషుల మీద బురద జల్లడానికి మీ దగ్గర ఏముంది? చెక్కముక్కా?"

దీపాలు ఆరిపోయాయి. స్టేషను వైపు కోత వేళ అది. మరుక్షణం గోడమీది తెల్ల పెట్టెలు వాటంతట అవే వెలిగాయి. ఆ తెల్లటి వెలుతురులో ఇద్దరి ముఖాలూ రోగిష్ఠివాళ్ళ ముఖాల్లా కనిపించాయి.

నిదానంగారు చాలాసేపు ఆ లైటుకేసి చూశాడు.

"ఒక స్క్రూడ్రైవరు ఇప్పించు."

"బావా, స్టేషను ఆస్తి అది!"

"కాదు. పిల్లల ఆస్తేమో చూద్దాం."

ఆయన లైటుని గోడనుంచి దించి, బల్లమీద పెట్టి, నాలుగు మరలూ విప్పాడు. కంగారేమీ లేదు, మరలు దొర్లిపోకుండా ఒక్కొక్కటీ ఇంకుడబ్బా మూతలో వేశాడు. వెనక రేకు తీశాడు. లోపల పచ్చటి పలకలాంటి బ్యాటరీ. దానిమీది కాగితాన్ని ఎవరో గీకేశారు, కానీ పూర్తిగా పోలేదు. 'బడిపిల్లల కోసం. అమ్మరాదు' అని ఇంకా చదవొచ్చు.

ఆయన దాన్ని పీకాడు. ఆ లైటు ఆరిపోయింది. సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి, బోర్లించి, చెక్కముక్క ఉన్న చోట ఆ బ్యాటరీని పెట్టాడు. గూడు దానికోసమే చేసినట్టు టక్కుమని కూర్చుంది. మూత తెరిచి మీట నొక్కాడు.

వైరు లేకుండా, కరెంటు లేకుండా తెర వెలిగింది. మేనేజరు నవ్వుతూ ఒక పాపకి ల్యాప్‌టాప్ అందిస్తున్నాడు.

ఇన్‌స్పెక్టరు తెరమీదికి వంగాడు. బొమ్మ మారింది. పాప పోయి బాబు వచ్చాడు. నవ్వు అదే. అతను గోడమీది మిగిలిన లైట్లకేసి, వాటికింద తను ఇన్నాళ్ళూ రాసుకున్న కేసు ఫైళ్ళకేసి చూశాడు.

"ఆవిడొక్కతే చూసింది," అన్నాడు నిదానంగారు. "మొదటిరోజు బ్యాటరీలున్నాయని చెప్పగలిగిన పెద్దమనిషి ఆవిడొక్కతే. ఎడమకి వెళ్తే ఏముంది?"

"రైల్వే గేటు. అవతల ట్రస్టు గోడౌను." ఇన్‌స్పెక్టరు టోపీ అందుకుని పరుగెత్తాడు. "ఎక్కండి బావా! జీపెక్కండి!"

నిదానంగారు ముందు సీటులో మోకాళ్ళు మడిచి కూర్చున్నాడు. ఆ సీటులో ఆయన కూర్చుని ఆరేళ్ళు దాటింది.

రిటైరైనవాణ్ణి ఆఖరిరోజు జీపులో ఇంటిదగ్గర దింపడం ఆ స్టేషనులో ఆనవాయితీ. నేనే దింపుతాను బావా అని ఈ బావమరిదే అక్క ముందు మాటిచ్చాడు. సరిగ్గా ఆ సాయంత్రం ఏదో దొమ్మీ జరిగిందని కబురొస్తే జీపేసుకుని వెళ్ళిపోయాడు. నిదానంగారు సన్మానంలో ఇచ్చిన గోడగడియారాన్ని చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. కండక్టరు గడియారానికి కూడా టికెట్టు కొట్టాడు. గుమ్మంలో ఎదురుచూస్తూ నిలబడ్డ భార్య జీపు చప్పుడు వినలేదు. ఆ మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. ఆవిడ మాత్రం తమ్ముడు భోజనానికొచ్చినప్పుడల్లా ఎత్తుతుంది.

* * *

ఆరింటి బండికి గేటు పడింది. ముందు ఒక లారీ, దాని వెనక మేనేజరు కారు. ఇన్‌స్పెక్టరు జీపుని తెచ్చి కారు వెనక అడ్డంగా నిలిపాడు. కారు ఇంక ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు.

నిదానంగారు వెనక తలుపు తెరిచాడు. టీచరమ్మ జవాబు పత్రాల కట్టని గుండెలకి హత్తుకుని కూర్చుని ఉంది.

"దిగమ్మా."

"సార్, ఈయన నన్నొక కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. ల్యాప్‌టాప్‌లు బ్యాటరీలు లేకుండానే వచ్చాయని. పెడితే కేసుండదట. పెట్టకపోతే గోడౌనుకెళ్ళి మాట్లాడుకుందామన్నారు."

"పెట్టారా?"

"తప్పు లెక్కకి నేను టిక్కు పెట్టను సార్." ఆవిడ కట్టని చంకలో పెట్టుకుని కాలు కింద పెట్టింది. నిదానంగారు చెయ్యి అందించాడు.

ఇన్‌స్పెక్టరు డిక్కీ తెరిపించాడు. పూలపూల దుప్పటి గుడ్డతో కుట్టిన గలేబుల్లో పది ల్యాప్‌టాప్‌లున్నాయి. రాత్రికి టీచరమ్మ మంచం కింద దొరకవలసినవి. మిగతావి గోడౌనులో ఉన్నాయని డ్రైవరు అడక్కుండానే చెప్పేశాడు.

మేనేజరు మాత్రం చొక్కా మడతలు సర్దుకుంటూ నిలబడ్డాడు. పట్టుబడ్డవాడిలా లేడు. బాగా అలిసిపోయినవాడిలా ఉన్నాడు.

"ఇది ఒక్క బడి అనుకుంటున్నారా ఇన్‌స్పెక్టరుగారూ? డెబ్భై బళ్ళకి ఇచ్చాం. ఒక్కచోట, ఒక్కళ్ళు వైరు పీకి చూశారా? బీరువాలో దాచుకున్నారు. నేను తీసింది వాళ్ళు వాడని వస్తువే."

"వాడనివ్వనిది ఎవరు?" అన్నాడు నిదానంగారు.

మేనేజరు ఆయనకేసి చూడలేదు. "ఆ బ్యాటరీలు ఇప్పుడు బజారంతా వెలుగుతున్నాయి. మేజిస్ట్రేటుగారి ఇంట్లో నాలుగు లైట్లు నేనే పెట్టించాను. ఆరున్నరకి వాళ్ళ వైపు కోత. నా కేసు ఆయన వినేది ఆ వెలుగులోనే. తీసుకెళ్ళండి."

రైలు వచ్చింది. ఆ మోతలో ఇన్‌స్పెక్టరు బావకేసి చూశాడు. తొందరపాటు లేని చూపు అతని ముఖంలో నిదానంగారు అదే మొదటిసారి చూడటం.

"ఏం చెయ్యమంటారు బావా?"

"స్క్రూడ్రైవరు మర్చిపోకుండా పట్టుకెళ్ళు. ముందు మేజిస్ట్రేటుగారిని లైటు విప్పనిమ్మను. ఆ తరవాత నోరు విప్పు."

* * *

మేనేజరుని లోపల పెట్టి, స్టేషనులో కావలసినవన్నీ రాసి, రేపు తీసుకొస్తామని మేజిస్ట్రేటుగారికి కబురు పంపి, అత్తాకోడళ్ళని ఇంటిదగ్గర దింపేసరికి బాగా చీకటిపడింది. దిగుతూ ముసలావిడ కోడలితో, "ఆకలేస్తోందా? డబ్బా పొద్దుటిది, పాడైపోయుంటుంది. వేడిగా చేస్తాన్లే," అంది. కోడలు కళ్ళు తుడుచుకుంది.

జీపు నిదానంగారి వీధిలోకి తిరిగింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఫ్యాను రెక్కలు గుర్తొచ్చాయి. ఆగితేనే సంతోషించేవాణ్ణి ఒకణ్ణి ఇవాళ చూశాడు. అందరూ అలాంటివాళ్ళే అయి ఉంటారా? ఏమో. రేపు ప్రార్థనలో దేవుణ్ణే అడగాలి. ఈ ప్రశ్నకి మాత్రం ఆయన ఇంకా నిదానం.

ఇల్లొచ్చింది. తలుపు పిడి కోసం ఆయన తడుముకుంటూండగా ఇన్‌స్పెక్టరు ఇవతలికి చుట్టూ తిరిగి వచ్చి, తనే తలుపు తెరిచి పట్టుకున్నాడు. రిటైరైనవాణ్ణి దింపేటప్పుడు అలా పట్టుకోవాలి. నిదానంగారు మోకాలిమీద చెయ్యి ఆనించి దిగాడు. బావమరిది కాళ్ళు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టాడు.

జీపు చప్పుడుకి లోపల లైటు వెలిగింది. భార్య గుమ్మంలోకొచ్చి, జీపునీ, తమ్ముణ్ణీ, ఖాళీ కూరల సంచీనీ వరసగా చూసింది.

"ఇన్నాళ్ళకి దింపావురా మీ బావని," అంది. "రండి, ఇద్దరూ కాళ్ళు కడుక్కోండి."